టాంకులో జాతి ఆత్మ ఉంటుందా?

యుద్ధ యంత్రాల గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. టాంకును ఎలా నడపాలో, ఎలా పేల్చాలో చెప్పడానికి నేనిక్కడ పూనుకోవడం లేదు. ఆ యంత్రాల చుట్టూ అల్లుకున్న ఒక వాదన నన్ను ఈ విషయంలోకి దింపింది. ఆ వాదన సాహిత్య విమర్శలోనూ అదే వేషంతో తిరుగుతోంది. దాన్ని ఉక్కు మీద పరీక్షించడం తేలిక. ఉక్కుకు బరువుంటుంది, ధర ఉంటుంది, తయారైన తేదీ ఉంటుంది. కవిత్వానికి ఈ సౌకర్యం లేదు.

వాదన ఇది. ప్రతి జాతికీ ఒక స్వభావం ఉంటుంది. ఆ జాతి ఇంజనీర్లు తయారుచేసే యంత్రంలో ఆ స్వభావం ప్రతిఫలిస్తుంది. జర్మన్ నిష్కర్ష మనిషి, అందుచేత అతని టాంకు గడియారంలా సూక్ష్మమైనది, సంక్లిష్టమైనది. రష్యన్ మొరటువాడు, ఓర్పుగలవాడు, అతని టాంకూ అంతే. అమెరికన్ వ్యాపారి. ఒకే అచ్చులో వేలకు వేలు పోసి గుట్టలు పెడతాడు. ఇంగ్లీషువాడు ఆలస్యంగా మేలుకుంటాడు, మేలుకున్నాక ముందు టీ కాచుకుంటాడు. రెండో ప్రపంచ యుద్ధంపై వచ్చిన జనరంజక గ్రంథాల్లోనూ సినిమాల్లోనూ ఈ నాలుగు బొమ్మలూ కనిపిస్తూనే ఉంటాయి.

సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి విమర్శకుడు తేన్ సాహిత్యాన్ని జాతి, పరిసరం, కాలం అనే మూడింటితో వివరించబూనాడు. తర్వాతివాళ్లు చాలామంది ఆ మూడింటిలో మొదటిదాన్నే పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేశారు. రష్యన్ నవలలో రష్యన్ ఆత్మ, జర్మన్ తత్వశాస్త్రంలో జర్మన్ ఆత్మ, తెలుగు పద్యంలో తెలుగు ఆత్మ – ఇలా వెతుక్కుంటూ పోయారు. వెతికినవాళ్లకు దొరకకుండా ఎలా ఉంటుంది? దాచిపెట్టిందీ వాళ్లే, వెతికిందీ వాళ్లే.

పోలికలు ఉన్నాయనే మాట నిజం. టైగర్ టాంకునూ టి–34నూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తేడా కనిపిస్తుంది. తేడా ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

*

టాంకు పుట్టుకతోనే మొదలుపెడదాం. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో బ్రిటిషు సైన్యం దాన్ని మొదటిసారి దింపింది. రహస్యం బయటపడకుండా నీళ్ల టాంకు అని చెప్పుకున్న మాటే చివరికి దాని పేరయింది. దాన్ని తయారుచేసింది ఆయుధ కర్మాగారం కాదు. లింకన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు చేసే విలియం ఫోస్టర్ కంపెనీ. గొలుసు పట్టాల మీద నడిచే బండి అనే ఊహకు దారి చూపింది అమెరికాలో పొలం దున్నే హోల్ట్ ట్రాక్టరు. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులో మోటారు కార్లు చేసే రెనో కంపెనీ ఇద్దరు మనుషులు పట్టే ఒక చిన్న టాంకును తయారుచేసింది. ఫిరంగి ఉండే గోపురం పైన చుట్టూ తిరుగుతుంది. ఇంజను వెనక, డ్రైవరు ముందు. నేటికీ ప్రపంచంలో చాలా టాంకుల పొందిక ఇదే.

అంటే మొట్టమొదటి అడుగులోనే ఒక విషయం తేలుతోంది. ట్రాక్టరు చేయగలిగిన చోట టాంకు ట్రాక్టరులా పుట్టింది. కారు చేయగలిగిన చోట కారులా పుట్టింది. ఏ దేశం ఏ కర్మాగారంతో యుద్ధంలోకి దిగిందో ఆ కర్మాగారపు ముఖమే దాని టాంకులో కనిపించింది.

ఆయుధం ఆ సమాజపు ఉత్పత్తి స్థితిని బట్టి ఉంటుందని 1878లో వెలువడిన ‘ఆంటీ డ్యూరింగ్’లో ఎంగెల్స్ యుద్ధనౌకలను ఉదాహరణగా తీసుకుని వాదించాడు. అప్పటికి టాంకు లేదు. కానీ ఆ వాదనకు టాంకును మించిన సాక్ష్యం మరొకటి లేదనిపిస్తుంది నాకు. ఆ సాక్ష్యాన్ని మాత్రం పూర్తిగా వినాలి. మనకు అనుకూలమైన ముక్క విని లేచిపోతే సరిపోదు.

*

‘రష్యన్ స్వభావానికి’ ప్రతీకగా అందరూ చూపేది టి–34. దాని వంశవృక్షాన్ని కాస్త పరిశీలిద్దాం.

అది పుట్టింది ఖార్కోవ్ రైలింజన్ల కర్మాగారంలో. ఆ ఊరు ఉక్రెయిన్‌లో ఉంది. దాని పెద్ద చక్రాల అమరిక, స్ప్రింగుల పద్ధతి వాల్టర్ క్రిస్టీ అనే అమెరికన్‌వి. సొంత దేశపు సైన్యం అతని టాంకులను పెద్దగా ఆదరించలేదు. 1930లో సోవియట్ ప్రభుత్వం రెండు నమూనాలు కొన్నది. గోపురాలు విప్పేసి, కాగితాల మీద ట్రాక్టర్లని చూపించి ఓడ ఎక్కించారు. వాటినుంచి బిటి టాంకులు, బిటి టాంకులనుంచి టి–34 వచ్చాయి.

అదే ఖార్కోవ్ కర్మాగారం 1930ల్లో టి–35 అనే టాంకును కూడా తయారుచేసింది. దానికి అయిదు గోపురాలు. నలభై అయిదు టన్నుల బరువు, పది మందికి పైబడిన సిబ్బంది. కవాతులో అద్భుతంగా ఉండేది. మొత్తం అరవై దాకా చేశారు. 1941లో యుద్ధం వచ్చేసరికి వాటిలో ఎక్కువ భాగం శత్రువు గుండు తగలకముందే గేర్లు విరిగి, ఇంజన్లు చెడి రోడ్ల పక్కన ఆగిపోయాయి. ఒకే జాతి, ఒకే ఊరు, ఒకే కర్మాగారం. ఒకటి అతి సంక్లిష్టం, మరొకటి అతి సరళం. ఈ రెండింటిలో రష్యన్ ఆత్మ దేనిలో ఉన్నట్టు?

టి–34 ప్రధాన రూపశిల్పి మిఖాయిల్ కోష్కిన్. ఆయనకు ముందు ఖార్కోవ్‌లో టాంకుల రూపకల్పన విభాగాన్ని నడిపిన అఫనాసీ ఫిర్సోవ్ 1937లో అరెస్టయ్యాడు, తిరిగి రాలేదు. కోష్కిన్ 1940 మార్చిలో రెండు నమూనా టాంకులను ఖార్కోవ్ నుంచి మాస్కో దాకా మంచులో నడిపించుకుపోయాడు. ఆ ప్రయాణంలో పట్టుకున్న జబ్బు న్యుమోనియాగా మారి అదే ఏడు సెప్టెంబరు 26న చనిపోయాడు. తన టాంకు యుద్ధంలోకి దిగడం ఆయన చూడలేదు. ఈ ఇద్దరి కథనూ వదిలేసి ‘జాతి ప్రతిభ’ అని ఒక్క మాటతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక సరళత్వం సంగతి. 1940లో బయటికొచ్చిన టి–34 అంత చవకైనదేమీ కాదు. అల్యూమినియం డీజిల్ ఇంజను, ఏటవాలుగా అమర్చిన కవచం, అన్నీ ఖరీదైన పనులే. 1941లో ఒక్కో టాంకుకు 2,69,500 రూబుళ్లు ఖర్చయ్యేది. 1943 నాటికి అది 1,35,000కు దిగింది. ఈ రెండు అంకెల మధ్య రష్యన్ స్వభావమేమీ మారలేదు. మారింది పరిస్థితి. 1941 శరదృతువులో ఖార్కోవ్ కర్మాగారాన్ని ఊడదీసి, రైళ్లకెత్తి, యూరల్ పర్వతాల అవతల నీజ్నీ తగిల్‌లోని రైలు పెట్టెల కర్మాగారానికి తరలించారు. లెనిన్‌గ్రాడ్ కిరోవ్ కర్మాగారం చెల్యాబిన్‌స్క్ ట్రాక్టర్ కర్మాగారానికి చేరింది. అనుభవమున్న కార్మికుల్లో ఎందరో సైన్యంలోకి వెళ్లిపోయారు. వాళ్ల లేతుల ముందు నిలబడింది ఆడవాళ్లు, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు. ఏళ్ల తరబడి పని నేర్చుకున్న ఫిట్టరు చేయవలసిన పనిని నిన్ననే వచ్చిన పిల్ల చేయాలి. అప్పుడు భాగాల సంఖ్య తగ్గించక తప్పదు. నునుపు అవసరం లేని చోట గరుకుగానే వదిలేయక తప్పదు. గోపురాన్ని పోత పోశారు. కవచాల అతుకులకు యెవ్‌గెనీ పాటన్ రూపొందించిన ఆటోమాటిక్ వెల్డింగు యంత్రాలు వచ్చాయి. చెయ్యి తిరిగిన వెల్డరు లేకపోయినా పని సాగేది. రబ్బరు కరువైతే కొంతకాలం రబ్బరు లేని ఇనప చక్రాలే బిగించారు. నడుస్తుంటే ఆ చప్పుడు మైళ్ల దూరం వినిపించేదట. వినిపిస్తే వినిపించనీ, టాంకు కావాలి.

మొరటుతనమని మనం పేరు పెట్టినదానిలో రబ్బరు కొరత ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల చేతులున్నాయి. 1941 డిసెంబరు 26 శాసనం కూడా ఉంది. యుద్ధ పరిశ్రమల్లో అనుమతి లేకుండా పని వదిలినవాణ్ణి పారిపోయిన సైనికుడితో సమానంగా శిక్షించే శాసనమది. వీరత్వమూ నిర్బంధమూ ఒకే షెడ్డులో ఒకే షిఫ్టులో పనిచేశాయి. ఒకదాన్ని చెప్పి మరొకదాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు.

వెల కూడా చెప్పాలి. తొలి టి–34 గోపురంలో ఇద్దరే ఉండేవారు. కమాండరే గురి చూడాలి, పేల్చాలి, చుట్టూ ఏం జరుగుతోందో కూడా గమనించాలి. లోపల ఇరుకు, బయటికి చూపు తక్కువ. 1942లో అమెరికాకు పంపిన ఒక టి–34ను అబర్‌డీన్ ప్రయోగశాలలో పరీక్షించిన ఇంజనీర్లు కవచం ఆకారాన్ని, డీజిల్ ఇంజనును మెచ్చుకున్నారు. గాలి వడపోత, గేరుపెట్టె దారుణంగా ఉన్నాయన్నారు. యుద్ధకాలంలో టి–34లు 50,000కు పైగా తయారయ్యాయి. సోవియట్ యూనియన్ పోగొట్టుకున్న మధ్యరకం టాంకులు 45,000 దాకా ఉన్నాయని తర్వాతికాలపు రష్యన్ లెక్కలు చెబుతున్నాయి. ఆ మధ్యరకంలో అత్యధికం టి–34లే. ఒక్కో టాంకులో నలుగురైదుగురు మనుషులు. గెలిచిన టాంకు గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెను దాటవేసే హక్కు మనకు లేదు.

*

జర్మనీ సంగతి చూద్దాం. టైగర్ 57 టన్నులు. 88 మిల్లీమీటర్ల ఫిరంగి. చక్రాలను ఒకదానిమీదొకటి అల్లినట్టు అమర్చారు. బరువు సమంగా పంచుకోవడానికి, మెత్తగా నడవడానికి అది మంచి ఉపాయమే. కానీ లోపలి వరసలో ఒక చక్రం పాడైతే బయటి చక్రాలు కొన్ని విప్పితేగాని చేతికి అందదు. తూర్పు రంగంలో రాత్రి పట్టిన బురద తెల్లారేసరికి గడ్డకట్టి చక్రాలు బిగుసుకుపోయేవి. రైలు మీద తీసుకుపోవాలంటే వెడల్పు పట్టాలు ఊడదీసి సన్నవి తొడగాలి. ఇంతా చేసి యుద్ధం మొత్తం మీద తయారైన టైగర్–1లు 1,350 దాకా మాత్రమే.

ఇది ‘జర్మన్ పరిపూర్ణతా కాంక్ష’ అని పుస్తకాలు చెబుతాయి. కానీ పూర్తిగా గొలుసు పట్టాల మీద నడిచే కవచ యుద్ధ వాహనాల్లో అదే జర్మనీ అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో చేసింది టైగరూ కాదు, పాంథరూ కాదు. గోపురమే లేని, పొట్టి, చవక స్టుగ్–3. అది 9,000 దాటింది. 1944లో చెక్ దేశపు పాత టాంకు చక్రాల మీద హెట్జర్ అనే మరీ చవక బండిని కట్టారు. సైన్యానికి నిజంగా అక్కరకొచ్చినవి ఇవి. పటాల్లో కనబడేవి మాత్రం టైగర్లు.

పాంథర్ కథ మరింత బోధపరుస్తుంది. టి–34ను ఎదుర్కోవడానికి 35 టన్నుల టాంకుగా దాన్ని తలపెట్టారు. పైనుంచి ఒక్కొక్క కోరికా వచ్చి చేరి 45 టన్నులయింది. అంత బరువును మోయడానికి చక్రాల దగ్గరి చివరి గేర్లు ఒక ప్రత్యేకమైన రకంలో ఉండాలి. ఆ గేర్లను కోసే యంత్రాలు చాలినన్ని లేవు. అందుచేత మామూలు పళ్ల గేర్లు పెట్టారు. అవి ఆ బరువు కింద విరిగేవి. 1943 జూలైలో కుర్స్క్ యుద్ధంలో మొదటిసారి 200 పాంథర్లను దింపితే వారం తిరక్కముందే నడిచే స్థితిలో మిగిలినవి కొద్దిపాటివే. అంటే ‘అతి సూక్ష్మ నైపుణ్యం’ అనుకున్నదాని కడుపులోనే కొరత ఉంది. పై మెరుగును చూసినవాడికి నిష్కర్ష కనిపిస్తుంది. గేరుపెట్టె విప్పినవాడికి యంత్రాల కరువు కనిపిస్తుంది.

ఎందుకిలా జరిగింది? జర్మన్ పరిశ్రమలో నేర్పున్న పనివాళ్ల మీద ఆధారపడిన పద్ధతి బలంగా ఉండేది. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడేవి. నిర్ణయం చివరికి ఒక నియంత గదిలో జరిగేది. ఆయనకు పెద్దవి కావాలి. ఫెర్డినాండ్ పోర్షె 188 టన్నుల టాంకును గీసుకొస్తే దానికీ అనుమతి దొరికింది. దానికి ‘ఎలుక’ అని పేరు పెట్టారు. నమూనాలు రెండే తయారయ్యాయి. ఏ వంతెనా దాన్ని మోయలేదు. ఏ వంతెనా మోయలేదని నిక్కచ్చిగా చెప్పేవాడు ఆ గదిలో లేకపోవడం జాతి లక్షణం కాదు, ఒక రాజకీయ వ్యవస్థ లక్షణం.

నేర్పున్న పనివాళ్లు యుద్ధరంగానికి పోయాక ఆ ఖాళీలో ఎవరు నిలబడ్డారన్నది ఇంకా ముఖ్యం. 1944 ఆగస్టు నాటికి జర్మనీలో పనిచేస్తున్న విదేశీ కార్మికులు, యుద్ధఖైదీలు 70 లక్షలకు పైనే. ఎక్కువమంది బలవంతంగా తెచ్చినవాళ్లు. ఆస్ట్రియాలోని సెంట్ వాలెంటిన్ టాంకుల కర్మాగారంలో మౌత్‌హౌసెన్ నిర్బంధ శిబిరపు ఖైదీలు పనిచేశారు. ‘జర్మన్ ఇంజనీరింగ్’ అని మనం మెచ్చుకునే ఉక్కు మీద పోలండ్, ఉక్రెయిన్, ఫ్రాన్సు మనుషుల చేతి ముద్రలున్నాయి. జాతి స్వభావ సిద్ధాంతం మొట్టమొదట చెరిపేసేది ఈ ముద్రలనే.

*

అమెరికన్ షెర్మన్‌ను ‘కారు కంపెనీ టాంకు’ అని వెక్కిరిస్తారు. వెక్కిరింపు పక్కన పెడితే అది అక్షరాలా నిజం. 1940లో క్రైస్లర్ కంపెనీకి టాంకులు చేసే పని అప్పగించారు. డెట్రాయిట్ పక్కన కట్టిన కొత్త కర్మాగారం ఒక్కటే యుద్ధకాలంలో 22,000కు పైగా టాంకులను బయటికి పంపింది. షెర్మన్లు మొత్తం 49,000 దాటాయి. చాలినన్ని టాంకు ఇంజన్లు లేవు గనక మొదట విమానపు ఇంజను పెట్టారు. అది నిలువుగా, గుండ్రంగా ఉండేది. దాన్నుంచి వచ్చే ఇరుసు సిబ్బంది కాళ్ల కిందుగా ముందున్న గేరుపెట్టెకు పోవాలి. షెర్మన్ అంత పొడుగ్గా, శత్రువుకు దూరంనుంచే కనబడేలా ఉండడానికి అదొక కారణం. విమానాలకే ఇంజన్లు కావలసి వచ్చినప్పుడు క్రైస్లర్ ఇంజనీర్లు అయిదు కారు ఇంజన్లను ఒకే కడ్డీకి బిగించి ముప్ఫై సిలిండర్ల వింత ఇంజనొకటి తయారుచేశారు. ‘సరళమైన అమెరికన్ పద్ధతి’ అంటే ఇదేనా అని ఆ ఇంజనును బాగుచేసిన మెకానిక్కును అడగాలి.

షెర్మన్ 30 టన్నుల దగ్గర ఎందుకు ఆగింది? ప్రతి టాంకూ సముద్రం దాటాలి. రేవులో క్రేను ఎత్తాలి, ఓడ మోయాలి, అవతలి ఒడ్డున సైనికులు వేసిన తాత్కాలిక వంతెన భరించాలి. పాడైతే బాగుచేయడానికి ఇంటికి పంపడం కుదరదు గనక ముందు భాగంలోని గేరుపెట్టెను బోల్టులు విప్పి మొత్తంగా మార్చేలా చేశారు. రష్యన్ టాంకుకు యూరల్ నుంచి రైలు చాలు. షెర్మన్‌కు అట్లాంటిక్ అడ్డం. ఆ సముద్రపు వెడల్పును అమెరికన్ ఆత్మ అని పిలవడం ఎందుకు?

ఆ నిర్ణయానికీ వెల ఉంది. 1944లో నార్మండీలో పాంథర్ల ఎదుట షెర్మన్ ఫిరంగి చాలలేదు. పెద్ద టాంకు కావాలన్నవాళ్లకూ, ఉన్నదే వేలల్లో పంపడం మేలన్నవాళ్లకూ అమెరికన్ సైన్యంలోనే పెద్ద తగాదా నడిచింది. ఆ తగాదా కాగితాల మీద సాగుతుండగా లోపల కూర్చున్న కుర్రాళ్లు కాలిపోయారు. నిల్వ ఉంచిన గుండ్ల చుట్టూ నీళ్ల గదులు పెట్టే మార్పు ఆ సంవత్సరమే వచ్చింది.

బ్రిటిషు వాళ్ల టీ సంగతీ చెప్పి ముగిస్తాను. 1945లో వచ్చిన సెంచూరియన్ టాంకులో నీళ్లు మరగపెట్టే కరెంటు పాత్ర ఉంది. దీన్ని జాతీయ వ్యసనమని నవ్వుతారు. అంతకుముందు సిబ్బంది టాంకు దిగి, బయట పొయ్యి పెట్టుకుని కాచుకునేవారు. దిగినవాడికి కవచం లేదు. దిగకుండా తాగే ఏర్పాటు చేయడం ప్రాణాలు కాపాడే ఇంజనీరింగ్. ఎగతాళి వెనక కూడా కారణముంటుంది, వెతికే ఓపిక ఉండాలి.

*

ఒక్క మనిషి జీవితం ఈ మొత్తం వాదనను తలకిందులు చేస్తుంది. ఆల్బర్ట్ కాన్ అనే భవన నిర్మాణ శిల్పి 1869లో జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరాడు. ఫోర్డ్ కార్ల కర్మాగారాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1930లో ప్రారంభమైన స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ కర్మాగారానికి నమూనా గీసింది ఆయన సంస్థే. ఇనప చట్రం అమెరికాలో తయారై ఓడల్లో వచ్చింది. 1942లో ఊరి వీధుల్లోకి యుద్ధం వచ్చేదాకా ఆ కర్మాగారం టి–34లు చేస్తూనే ఉంది. డెట్రాయిట్ టాంకుల కర్మాగారాన్ని గీసిందీ ఆల్బర్ట్ కానే. జర్మనీలో పుట్టిన అమెరికన్ గీసిన కప్పు కింద సోవియట్ కార్మికులు అమెరికన్ స్ప్రింగుల మీద టాంకులు కట్టి జర్మన్ సైన్యాన్ని ఎదిరించారు. ఇక్కడ ఏ జాతి తత్వం ఏ జాతి తత్వంతో పోరాడినట్టు?

మరి ఈ బొమ్మలు ఇంత గట్టిగా ఎలా నిలబడ్డాయి? వాటికీ చరిత్ర ఉంది. యుద్ధానంతరం ఓడిపోయిన జర్మన్ సేనాపతులు వరసగా జ్ఞాపకాలు రాశారు. మాన్‌స్టైన్ గ్రంథం పేరే ‘పోగొట్టుకున్న విజయాలు’, 1955లో వచ్చింది. హాల్డర్ నాయకత్వంలో అనేకమంది జర్మన్ అధికారులు అమెరికన్ సైన్యపు చరిత్ర విభాగానికి నివేదికలు రాసిపెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధం మొదలైంది, ‘రష్యన్ ఎలా పోరాడతాడు’ అని తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. మా టాంకులు మేలైనవి, మా సైనికులు మేలైనవారు, ఎదుటివాడు లెక్కలేనంత మందితో మమ్మల్ని ముంచేశాడు – ఈ కథలో ఓడినవాడి గౌరవం నిలబడుతుంది, ఆక్రమిత ప్రాంతాల్లో జరిగిన హత్యాకాండ మాయమవుతుంది. ఎదుటివాడి తెలివి, సంఘటితశక్తి, శ్రమ ఇవేవీ లెక్కలోకి రావు. ‘స్వభావం’ అనే మాట అమాయకంగా కనబడినంత అమాయకమైనది కాదు.

*

ఇక్కడ నా వాదన మీద నేనే ఒక అభ్యంతరం తెచ్చుకోవాలి. అన్నిటికీ ఉత్పత్తి పరిస్థితులే కారణమని తేల్చేస్తే అది యాంత్రిక భౌతికవాదమవుతుంది. కొరత ఉన్న ప్రతివాడూ టి–34 చేయలేదు. జర్మనీకీ కొరతే, అది పాంథర్ చేసింది. పరిస్థితి హద్దులు గీస్తుంది. ఆ హద్దుల్లోపల మనుషులు ఎంచుకుంటారు. ఆ ఎంపికలు అలవాటవుతాయి, విద్యాలయాల్లో పాఠాలవుతాయి, తరవాతి తరానికి సంప్రదాయమవుతాయి. ‘జాతీయ పద్ధతి’ అని దేన్నైనా అనవచ్చుననుకుంటే దీన్నే అనాలి. 1979లో సేవలోకి వచ్చిన ఇజ్రాయెల్ టాంకు మెర్కావాలో ఇంజను ముందుంటుంది. శత్రువు గుండు ముందు ఇంజనుకు తగిలి, వెనకున్న మనిషి బతకాలని. చిన్న దేశం, తన సైనికుల ప్రాణాలకు ఎక్కువ వెల కట్టుకుంది. ఆ టాంకు ఎవరి ఇళ్ల మధ్యకు పోయిందో ఆ ఇళ్ల మనుషుల ప్రాణాలకు అదే వెల కట్టలేదు. సోవియట్ టి–64, టి–72ల్లో గుండ్లు నింపే యంత్రం పెట్టి ఒక మనిషిని తగ్గించారు. టాంకు చిన్నదైంది, తేలికైంది. గుండ్లన్నీ గోపురం కింద గుండ్రంగా పేర్చి ఉంటాయి గనక అవి అంటుకుంటే గోపురమే ఎగిరిపోతుంది. ఈ రెండింటిలోనూ ఒక లెక్క ఉంది. ఎవరి శ్రమ ఎంత, ఎవరి ప్రాణం ఎంత అనే లెక్క. టాంకులో నేను చదవగలిగింది ఆ లెక్కనే. ఆత్మను కాదు.

మన దేశానికి వస్తే, ఆవడిలో 1965 నుంచి తయారైన విజయంత బ్రిటిషు వికర్స్ కంపెనీ నమూనా. తర్వాత అక్కడే సోవియట్ టి–72 వచ్చింది. సొంత టాంకు అర్జున్‌కు 1974లో అనుమతి లభిస్తే సైన్యానికి తొలి బండ్లు అందింది 2004లో. అందులో ఇంజను జర్మన్‌ది. మన మెదక్ ప్రాంతపు ఎద్దుమైలారంలో 1984లో వెలసిన కర్మాగారం సోవియట్ నమూనా పదాతి యుద్ధ వాహనాలను తయారుచేస్తూ వచ్చింది. ఇందులో భారతీయ తత్వాన్ని వెతికితే దొరకదు. ఎవరిదగ్గర అప్పు దొరికింది, ఎవరు లైసెన్సు ఇచ్చారు, ఏ కర్మాగారంలో ఏం చేయగలిగారు అన్నవి వెతికితే స్వతంత్ర భారత చరిత్రలో ఒక అధ్యాయమే దొరుకుతుంది.

సాహిత్యానికి దీని అన్వయం కష్టం కాదు. రష్యన్ నవల అంత విస్తారంగా ఎందుకుంటుందని అడిగితే అనంతమైన స్టెప్పీ మైదానాలు, అనంతమైన ఆత్మ అని జవాబు చెప్పే విమర్శకులున్నారు. దోస్తయెవ్‌స్కీకి పత్రిక అచ్చు ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేదని, ‘నేరము–శిక్ష’ 1866లో ‘రూస్కీ వేస్త్‌నిక్’ అనే లావుపాటి మాసపత్రికలో భాగాలుగా వచ్చిందని, ఆ రోజుల్లోనే టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ తొలి భాగాలూ అందులోనే అచ్చయ్యాయని చెబితే వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. ఆ సంగతులు చెప్పినంత మాత్రాన ఆ నవలల గొప్పతనం తరగదు. అప్పుల్లో మునిగిన మనిషి, గడువు తరుముతుంటే, ఆ కొలతల్లోపల ఏం సాధించాడో అప్పుడే తెలుస్తుంది. మన వారపత్రికల సీరియల్ నవలలో ప్రతి ప్రకరణం చివరా ఒక తలుపు చప్పుడో, ఒక ఉత్తరమో ఎందుకొస్తుందని అడిగితే తెలుగువాడి మనస్తత్వంలో వెతుకుదామా, పత్రిక పేజీల లెక్కలో వెతుకుదామా? రెండోచోట వెతికినవాడికే రచయిత ఎక్కడ లొంగాడో, ఎక్కడ ఎదురు తిరిగాడో కనిపిస్తుంది.

చివరగా, ఖార్కోవ్ దగ్గరికే తిరిగి వెళ్లాలి. 1941లో తరలిపోయిన కర్మాగారం మొత్తం తిరిగి రాలేదు. సగం నీజ్నీ తగిల్‌లో వేళ్లూనుకుని అక్కడే పెరిగింది. కోష్కిన్ తర్వాత ఆ రూపశిల్పుల బృందాన్ని నడిపిన మొరొజోవ్ 1951లో ఖార్కోవ్ తిరిగివచ్చి టి–64 గీశాడు. తగిల్‌లో ఉండిపోయినవాళ్లు టి–72, ఆ తర్వాత టి–90 తయారుచేశారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు ఖార్కోవ్ టి–64లూ తగిల్ టి–72లూ ఎదురెదురుగా నిలిచాయి. 1941లో ఒకే రైల్లో ప్రయాణించిన లేతుల సంతానమది. ఖార్కోవ్ వీధుల మీద గుళ్లు కురిశాయి.

ఈ యుద్ధానికి కూడా ‘రష్యన్ స్వభావం’, ‘ఉక్రెయిన్ స్వభావం’ అంటూ వివరణలు అప్పుడే మొదలయ్యాయి. రచయితలు వాటిని పట్టించుకోకుండా ఆ రైలు కథ రాయాలి.